వాడిది జావా, నాది బండ

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదవడం పూర్తయ్యేసరికి నా మీద మీకున్న గౌరవం ఒక్క చుక్క కూడా మిగలదు. ఇప్పటికే లేదంటారా, మరీ మంచిది, మీకు నష్టం లేదు. నేను చేసిన వెధవపని వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. పైగా ఒక ఊరికి సరిపడా ఇళ్లు లేచాయి. అవి లేవడమే అసలు గొడవ.

అప్పుడు నేను మార్కాపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయసు పంతొమ్మిది. తెలివి అంతకంటే తక్కువ. ఆ తెలివి మీద నమ్మకం మాత్రం మా ఊరి గుడి గోపురమంత. ఆ వేసవిలో మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇచ్చారు. మా అమ్మ దానికి పటం కట్టించి తీసుకెళ్లి దేవుడి పటాల వరుసలో తగిలించింది. రోజూ పొద్దున్నే వెంకటేశ్వరస్వామికి తగిలే అగరొత్తి పొగ నా సర్టిఫికెట్‌కి కూడా తగిలేది. అలాంటి ఇంట్లో పెరిగే కుర్రాడికి వినయం ఎక్కడి నుంచి వస్తుంది, మీరే చెప్పండి. వీధిలో ఎవరి ఫోన్ మొరాయించినా నా దగ్గరికి తెచ్చేవారు. నేను దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసేవాణ్ణి. సగం ఫోన్లు దానికే బాగయ్యేవి. మిగతా సగం ఫోన్ల వాళ్లకి "హార్డ్‌వేర్ ప్రాబ్లం" అని డాక్టరు మొహం పెట్టి చెప్పేవాణ్ణి.

ఇక మస్తాన్. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా మాది ఒకటే బెంచీ, ఒకటే వీధి. వాళ్ల నాన్న మా ఊళ్లో పలకలకు చెక్క ఫ్రేములు చేయించి అమ్మేవాడు. పిల్లలు పలకలు మానేసి నోటు పుస్తకాలు పట్టేసరికి ఆ బేరం తగ్గిపోయింది. ఆయన గిద్దలూరులో చెప్పుల దుకాణం పెట్టుకుని ఇంటిల్లిపాదినీ అక్కడికి తీసుకెళ్లిపోయాడు. బస్సెక్కితే రెండు గంటల దూరం. కానీ పుట్టినప్పటి నుంచి పక్కపక్కన తిరిగినవాళ్లకి రెండు గంటలంటే వేరే దేశమే.

వెళ్లిన ఏడాదికి మస్తాన్ కాలు విరగ్గొట్టుకున్నాడు. బండి ప్రమాదమని వాడు అందరికీ చెప్పుకుంటాడు. నిజమే, బండి ఉంది, ప్రమాదమూ ఉంది. కాకపోతే బండి స్టాండు వేసి ఉంది. దాని సీటు మీద నిలబడి చేతులు బార్లా చాపి ఫోటో దిగబోయాడు. మోకాలి దాకా పిండికట్టు. నలభై రోజులు మంచం దిగకూడదన్నారు.

మూడో రోజు ఫోన్ చేశాడు.

"రమణా, పిచ్చెక్కుతుందిరా. పొద్దున్నుంచి ఫ్యాను రెక్కలు లెక్కబెడుతుండా. ఎన్నిసార్లు లెక్కబెట్టినా మూడే ఉండాయి."

"మీ అక్క రేష్మా ఆపాది ల్యాప్‌టాప్ ఉంది గదరా?"

"ఉంది. పగలు ఆమెకు పని ఉండదు, అడిగితే ఇస్తుంది. ఏం చేసుకోవాల దాంతో?"

అప్పుడు వాడికి దిమ్మెల ఆట గురించి చెప్పాను. మీ ఇంట్లో పిల్లలుంటే దాన్ని మీరు చూసే ఉంటారు. లోకమంతా చదరపు దిమ్మెలు. మట్టి దిమ్మె, రాతి దిమ్మె, చెక్క దిమ్మె, ఆఖరికి గొర్రె కూడా చదరమే. తవ్వుకో, తెచ్చుకో, పేర్చుకో, కట్టుకో. ఇద్దరు మనుషులు ఏ ఊళ్లో ఉన్నా ఒకే లోకంలోకి దిగి కలిసి కట్టుకోవచ్చు.

అటువైపు మంచం కిర్రుమంది. తర్వాత, "అయితే మన మార్కాపురం కడదాంరా," అన్నాడు. "మన వీధి, స్టేషను, పలకల షెడ్లు, అన్నీ. రోజూ నాలుగింటికి నువ్వు కాలేజీ నుంచి రాంగానే."

ఆ గొంతులో ఎంత ఆశ ఉందంటే, ఆ క్షణం వాడు అడిగితే నేను నిజం రాళ్లతోనైనా ఇంకో మార్కాపురం కట్టి ఉండేవాణ్ణి. ఆ మర్నాడే వాడు మళ్లీ ఫోన్ చేసి అసలు ప్రశ్న అడిగాడు.

"ఇందులో రెండు రకాలు ఉండాయంట. జావా అంట, బెడ్‌రాక్ అంట. ఏది ఆడాల?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ ప్రశ్నకి 'నాకు తెలియదురా, కనుక్కుని చెప్తా' అనే చక్కటి జవాబు ఉంది. మామూలు మనుషులు అదే చెబుతారు. దేవుడి పటం పక్కన సర్టిఫికెట్ ఉన్నవాడు చెప్పడు.

"జావారా! ఇందులో అడిగేదేముంది? అదే అసలుది. పెద్ద పెద్దోళ్లంతా అదే ఆడతారు. రెండోది చిన్నపిల్లలకు."

"అట్లనా? సరే అయితే."

వాడికి అలా తీర్పు చెప్పేసి నా సంగతి చూసుకున్నాను. మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. మూతపడ్డ ఇంటర్నెట్ సెంటరు నుంచి తెచ్చింది. దాని బొత్తాం నొక్కి, స్నానం చేసి, అన్నం తిని వస్తే అప్పటికి తెర మీద ఏదో ఒకటి కనిపించేది. అందులో ఈ ఆట పెట్టబోతే బుస్సుమని వేడి గాలి వదిలి ఆగిపోయింది. పోనీలే, ఫోన్‌లో ఆడదామని చూస్తే, ఫోన్‌కి దొరికేది ఒక్క బెడ్‌రాక్ రకమే. అయితే ఏంటట? పేరు ఒకటే, దిమ్మెలు ఒకటే, చదరపు గొర్రె కూడా ఒకటే. రెండు రకాలైతే మాత్రం లోపల ఒకటే ఆట కాదా అనుకున్నాను.

కొనడానికి ఇంట్లో ఒప్పించాలి. మా నాయన పలకల షెడ్డులో రాయి కోసే మిషను మీద పని చేసేవాడు. సాయంత్రం ఒళ్లంతా బూడిదరంగు దుమ్ముతో వచ్చి అరుగు మీద కూర్చున్నప్పుడు విషయం కదిపాను.

"నాయనా, మస్తాన్‌గాడు జావా తీసుకున్నాడు."

నాయన మొహం వెలిగిపోయింది. "జావానా! మా మామకు ఉండేదిరా జావా బండి. కంభంలో స్టార్ట్ చేస్తే తర్లుపాడు దాకా ఇనపడేది. అయినా కాలు ఇరిగినోడికి బండెందుకురా?"

"బండి కాదు నాయనా. కంప్యూటర్‌లో ఉంటాది."

లోపల్నుంచి మా అవ్వ అందుకుంది. "కాలు ఇరిగినోడికి రాగిజావ పొయ్యాలగానీ, కంప్యూటర్‌లో పెట్టేదేందిరా నీ మొగం!"

"జావ కాదవ్వా, జావా! సరే అది వదిలెయ్యండి. నేను తీసుకునేది బెడ్‌రాక్."

"రాక్ అంటే రాయి గదా?" అన్నాడు నాయన.

"ఆ. అంటే... అడుగున ఉండే బండ."

నాయన తన చొక్కా మీది దుమ్ము వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "బండ కొనేదేందిరా? షెడ్డుకు రా, ఎంత కావాలంటే అంత మోసుకొచ్చుకో."

ఎలాగో బతిమాలి కొనుక్కున్నాను.

మొదటి రోజు. సరిగ్గా నాలుగు గంటలు. చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో ఫోన్. అటు గిద్దలూరులో మస్తాన్.

"లోకం తయారు చేసినారా. రా."

వెతికాను. వాడి లోకం నాకు కనిపించలేదు. మళ్లీ వెతికాను. ఫోన్ ఆపి ఆన్ చేశాను. ఊహూ.

"వచ్చినావా?"

"వస్తుండా, వస్తుండా."

ఒక పక్క 'వస్తుండా' అంటూనే ఇంకో పక్క నెట్‌లో వెతికి చదివాను. జావా ఆడేవాళ్లు జావా వాళ్లతోనే కలవగలరట. బెడ్‌రాక్ వాళ్లు బెడ్‌రాక్ వాళ్లతోనే. ఇది ఎలా ఉందంటే, ఇద్దరం ఒకే రైలుకి టికెట్ కొని, వాడు మార్కాపురం స్టేషన్లో, నేను మార్కాపురం బస్టాండులో నిలబడ్డట్టుంది.

"రమణా, వచ్చినావా? నీ కోసం ఈడనే నిలబడుండా."

మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని, నా మాట నమ్మి నిలబడ్డ మనిషికి 'నేను చెప్పింది తప్పురా' అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు సెకన్లు. నాకు ఆ రెండు సెకన్లు దొరకలేదు. వాటి బదులు ఒక దరిద్రపు ఆలోచన దొరికింది.

ఈ ఆటలో ప్రతి లోకమూ ఒక పొడవాటి అంకె నుంచి పుడుతుంది. దాన్ని విత్తనం అంటారు. రెండు రకాల్లోనూ ఒకే అంకె కొడితే ఇంచుమించు అవే కొండలు, అవే నదులు వస్తాయని అదే పేజీలో కింద రాసి ఉంది.

"మస్తాన్, నీ లోకం విత్తనం అంకె ఎంతో చదువు. అది లేకుండా రానీడం లేదు."

వాడు అమాయకంగా చదివాడు. నేను కొట్టాను. నా ఫోన్‌లో ఒక కొండ లేచింది, దాని ముందు నది పారింది.

"వచ్చేసినారా!"

"యాడ? నాకు కనబడవే?"

"నువ్వు కొండ మీద ఉండావు గదా? ముందు నది, ఎడమ పక్క మూడు చెట్లు?"

"కొండా నదీ కరెక్టే. చెట్లు ఐదుండాయే."

కొండలు కలుస్తాయిగానీ చెట్లు కలవవని ఆ పేజీలో రాయలేదు.

"రెండు ఇప్పుడే నరికినాలే," అన్నాను.

"మరి నాకు ఐదూ కనబడుతుండాయే? నువ్వు గూడా కనబడవు?"

"నెట్ తక్కువైతే అంతేరా. మనుషుల బొమ్మలు రావు. చెట్లు పడిన సంగతి కూడా లేటుగా తెలుస్తుంది. మార్కాపురం సిగ్నల్ సంగతి నీకు తెలియంది కాదు గదా."

"ఓహో," అన్నాడు వాడు. ఆ 'ఓహో' కొంచెం పొడుగ్గా ఉన్నట్టు ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

అలా మొదలైంది. రోజూ నాలుగింటికి వాడి లోకంలో వాడు, నా లోకంలో నేను, ఫోన్‌లో మాత్రం ఇద్దరం పక్కపక్కన. తెలివిగా పని పంచుకుందామన్నాడు మస్తాన్. "స్టేషన్‌లో ఈ సగం నేను కడతా, ఆ సగం నువ్వు కట్టు." వాడు కట్టే సగం నా లోకంలో ఉండదు కదా! అందుకని వాడి సగం ఎలా ఉంటుందో మాటల్లో లాగి, అది కూడా నేనే కట్టేవాణ్ణి. రేపెప్పుడైనా ఏదైనా అడిగితే చెప్పడానికి ఉండాలి మరి.

"నా సగం ఎట్లుంది?" అనేవాడు.

"బ్రహ్మాండం!"

"ప్లాట్‌ఫారం పొడుగు చాల్లేదనిపిస్తుందిరా. రైలొస్తే సగం డబ్బాలు బయటుంటాయి. నీ వైపు ఇంకో ముప్పై దిమ్మెలు పెంచు, నేనూ ముప్పై పెంచుతా."

అంటే నాకు అరవై. తర్వాత పలకల షెడ్లు. మామూలు రాయి కాదు, నల్లరాయే కావాలన్నాడు. అది ఆటలో పాతాళం దగ్గర దొరుకుతుంది. గంటల తరబడి తవ్వి మోసుకొచ్చాను. బొటనవేలు వాచిపోయింది. మా నాయన చూసి అవ్వతో అన్నాడు, "నేను షెడ్డులో రాయి కోస్తా, వీడు ఫోన్‌లో రాయి కోస్తాడు. మన వంశానికి రాయి తప్ప రాసిపెట్టింది లేదమ్మా."

షెడ్లు అయిన మర్నాడు మస్తాన్ బాంబు పేల్చాడు. "నిన్న సాయంత్రం వానకు నా షెడ్డు కూలిపోయిందిరా. నా వల్ల కాదు, నువ్వే కట్టిపెట్టు."

ఆ ఆటలో వానకు ఏదీ కూలదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ ఏం వాదిస్తాను? నా దగ్గర వాన పడలేదంటే 'ఒకే లోకంలో నీకు పడని వాన నాకెట్ల పడిందిరా' అంటాడు. నోరు మూసుకుని, నా లోకంలో నిక్షేపంగా నిలబడి ఉన్న వాడి వంతు షెడ్డును నా చేత్తో పడగొట్టి మళ్లీ కట్టాను. ఎందుకు పడగొట్టావని అడగకండి. ఆ రోజుల్లో నా బుర్ర అలా పనిచేసేది. అబద్ధంలో కూడా నిజాయితీ ఉండాలని ఏదో తాపత్రయం.

అన్నిటికంటే విచిత్రం మూడో వారంలో జరిగింది. గోపురం కట్టడం పూర్తిచేసి, "అయిపోయిందిరా," అన్నాను.

"ఆ, కనబడింది," అన్నాడు మస్తాన్. "భలే కట్టినావు. పైన ఒక అంతస్తు తక్కువైనట్టుంది."

లెక్క చూసుకుంటే నిజంగానే ఒక అంతస్తు తక్కువ! వాడికి కనబడటం ఏమిటి? కంప్యూటర్ రకమూ ఫోన్ రకమూ కలవవని అంత స్పష్టంగా రాస్తే? ఇంకొకరైతే అనుమానించేవాళ్లు. నేను నా సర్టిఫికెట్ వైపు చూశాను. ఏమో, ఏదో నొక్కబోయి ఏదో నొక్కి, ప్రపంచంలో ఎవరికీ సాధ్యం కానిది నేను సాధించానేమో అనుకున్నాను. రెండు రోజులు వీధిలో కాస్త ఛాతీ విరుచుకుని నడిచాను కూడా.

ముప్పై ఎనిమిదో రోజున వాడు అన్నాడు, "ఎల్లుండి కట్టు విప్పుతారంట. ఆదివారం మా ఇంటికి రారా. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మన ఊరంతా తిరిగి చూద్దాం. అమ్మ నిన్ను చూడాలంటుంది."

అప్పుడు దిగింది మొత్తం. ఛాతీ, గోపురం, అన్నీ.

గిద్దలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒప్పుకోలు మాటలు కట్టుకుంటూ పోయాను. తర్లుపాడు దగ్గర తప్పంతా సిగ్నల్‌దే. కంభం వచ్చేసరికి సిగ్నల్‌ది సగం, నాది సగం. నల్లమల కొండలు దగ్గర పడేసరికి నా దగ్గర సాకులేవీ మిగల్లేదు.

మస్తాన్ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కట్టు తీసిన కాలు తెల్లగా, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. వాళ్లమ్మను నేను చిన్నప్పటి నుంచి పిన్నమ్మా అనే పిలుస్తాను. ఆమె సేమ్యా గిన్నె చేతిలో పెట్టింది. మస్తాన్ అక్క రేష్మా ఆపా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. గిన్నె కింద పెట్టేశాను.

"మస్తాన్," అన్నాను. "నేను ఒక్కరోజు గూడా నీ లోకంలోకి రాలేదురా. నీకు చెప్పిన రకం వేరే, నాది వేరే. రెండూ కలవవు. ఆ సంగతి మొదటి రోజే తెలిసింది. నోరు రాలేదు."

వాడు తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను.

ముందు పిన్నమ్మ వల్ల కాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గోడకేసి తిరిగింది. తర్వాత ఆపా. తర్వాత మస్తాన్ తల ఎత్తితే కళ్లలో నీళ్లున్న మాట నిజమే, కానీ నవ్వి నవ్వి వచ్చిన నీళ్లవి.

"రెండు చెట్లు నరికినాలే, అన్న రోజే తెలుసురా!"

"తెలుసా? మరి గోపురం కనబడిందంటివి?"

"కట్టేటప్పుడు నువ్వే ఒక్కో అంతస్తూ నోటితో లెక్కబెడితివి గదరా. నేను వేళ్లు మడుస్తుండా."

పిన్నమ్మ కళ్లు తుడుచుకుంది. "నాయనా రమణా, నాలుగైతే చాలు, పని ఆపి అందరం ఈ మంచం చుట్టూ చేరేదిరా. ఫోన్ స్పీకర్‌లో పెట్టేవాడు. వానకు షెడ్డు కూలిందని చెప్పమన్నది మీ చిచ్చానే."

చిచ్చా అంటే మస్తాన్ వాళ్ల నాన్న. దుకాణంలో కూర్చోవాల్సిన ఆ పెద్దమనిషి కూడా నాలుగింటికి షట్టర్ సగం దించి వచ్చేవాడట!

"సరే, నువ్వు కట్టింది చూపించు," అన్నాను రోషంగా. మస్తాన్ ల్యాప్‌టాప్ తిప్పాడు. ఖాళీ మైదానం. మధ్యలో మట్టితో ఒక గూడు, తలుపు లేదు. లోపల ఒక గొర్రె.

"నలభై రోజుల్లో ఇదేనారా?"

"కాలు ఇరిగినోడు ఏం కడతాడురా?"

"కాలికీ చేతికీ సంబంధమేందిరా!"

అప్పుడు ఆపా నెమ్మదిగా, "రమణా, ఒకటి చెప్తా, బాధపడొద్దు," అంది. తెర మీద ఒక మూల వేలు పెట్టి చూపించింది. "కంప్యూటర్‌కి కొంటే రెండు రకాలూ కలిపే ఇస్తారు. మీ ఫోన్ రకం కూడా మా దగ్గర మొదట్నుంచీ ఉంది. ఈ పక్కది నొక్కితే మొదటి రోజే ఇద్దరూ కలిసేవాళ్లు."

ఒక్క నొక్కు. నలభై రోజులు, పాతాళం దాకా తవ్విన నల్లరాయి, వాచిన బొటనవేలు. వాటన్నిటికీ బదులుగా ఒక్క నొక్కు!

ఆపా ఆ పక్కది నొక్కింది. నా ఫోన్‌లో మా బజారు మధ్యలో చదరపు మొహంతో ఒక మనిషి బొమ్మ ప్రత్యక్షమైంది. నెత్తి మీద మస్తాన్ అని పేరు. ఇన్ని రోజులూ 'పక్కనే ఉండా' అని నేను ఆడిన అబద్ధం పక్కన వాడు నిజంగా వచ్చి నిలబడ్డాడు.

వాడి నవ్వు ఆగిపోయింది. తెర మీద నడిచాడు. స్టేషను దాటాడు, పలకల షెడ్ల ముందు కాసేపు ఆగాడు, మా వీధిలోకి తిరిగాడు. వాళ్ల పాత ఇంటి ముందు నిలబడిపోయాడు. పిన్నమ్మ వంగి చూసింది.

"ఇది మన ఇల్లే గదా? వంటింటి కిటికీ యాడరా?"

"ఈ పక్క, పిన్నమ్మా."

"ఆ... ఈ కిటికీలోంచే మీ అమ్మను కేకేసేదాన్ని," అని ఆమె ఆ చదరపు కిటికీని వేలితో తడిమింది.

చివరికి మస్తానే అన్నాడు, "మా ఇంటికి మూడు మెట్లు గదరా. నాలుగు కట్టినావేంది?"

"నువ్వే గదరా నాలుగన్నావు!"

"చూద్దామని ఒకటి పెంచి చెప్పినా. పదిహేనేళ్లు ఆ మెట్లమీదనే కూర్చుంటివి గదా, గుర్తులేదా?"

గుర్తుంది. మూడేనని కట్టేటప్పుడూ తెలుసు. కానీ కాదంటే ఎక్కడ దొరికిపోతానోనని నా కళ్లతో చూసిన మెట్లను నేనే తప్పుపట్టుకుని నాలుగోది కూడా కట్టాను. ఇంతకంటే పెద్ద వెధవ మీకు ఎక్కడైనా తారసపడితే ఉత్తరం రాయండి, పరిచయం చేసుకుంటాను. ఆ నాలుగో మెట్టు తీసేద్దామంటే మస్తాన్ తియ్యనివ్వలేదు. ఇంకా అలాగే ఉంది.

కాబట్టి అగరొత్తి పొగ సాక్షిగా, పిన్నమ్మ సేమ్యా మీద ఒట్టేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ రకం మంచిదని ఎవరడిగినా, అది ఆటైనా, ఫోనైనా, పెళ్లిసంబంధమైనా, 'నాకు తెలియదు' అని రెండు సెకన్లలో చెప్పేస్తాను. తెలియకుండా తీర్పు చెప్పను. చెప్పిన తీర్పును కాపాడుకోవడానికి చెట్లు నరకను, షెడ్లు కూల్చను. ఈ ప్రమాణం కంప్యూటర్ రకానికీ ఫోన్ రకానికీ సమానంగా వర్తిస్తుంది.